మూన్ వంతెన మీద తడబాటు

ఖంపాన్ పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజను మీద ఆనించి, పిడిని ఎడమ చెవికి నొక్కుకుని కళ్లు మూసుకున్నాడు. కుడి చెవి పోయి నాలుగేళ్లయింది. అరవై ఎనిమిదేళ్ల బక్కపలచటి మనిషి, మోకాళ్ల పైకి మడిచిన గళ్ల లుంగీ, మడమల దగ్గర అరిగిన రబ్బరు చెప్పులు, ఎంత సబ్బు రుద్దినా గోళ్ల అంచున వదలని నలుపు. రేపు పొద్దున ఆ గోళ్లు కత్తిరించి, గుండు గీసి, కనుబొమలు కూడా తీసేసి, మా ఊరి బౌద్ధ ఆరామంలో ఆయన్ని భిక్షువును చేస్తారు. ఇదే ఆయన ఆఖరి బండి.

కొడుకు ఒక్కసారైనా కాషాయం కడితే ఆ కొంగు పట్టుకుని తల్లి స్వర్గానికి వెళుతుందని మావాళ్ల నమ్మకం. ఖంపాన్ తల్లి నలభై ఏళ్లు అడిగింది. దీక్షలిచ్చే ప్రతి వానాకాలం ముందూ ఈయన ఒకటే మాట చెప్పేవాడు, షెడ్డులో ఒక బండి విప్పి ఉంది, అది బిగించాక చూద్దామని. ఆ బోల్టులేవో బిగిసేలోగా నేనే బిగుసుకుపోతాను రా అనేది ముసలమ్మ. అన్నట్టే పోయింది, పదకొండేళ్లవుతోంది. ఆ మాట మాత్రం ఆయన్ని వదల్లేదు. అందుకే ఈసారి షెడ్డులో విప్పిన బండి ఒక్కటి కూడా మిగలకుండా చూసుకున్నాడు. తీరా ఆఖరి రోజున బువాలీ వచ్చింది.

బువాలీ కూరగాయలమ్మే మనిషి. మొగుడు థొంగ్‌దీ పోయి మూడేళ్లు. అతను నడిపిన నీలం పికప్పే ఇప్పుడు ఆమెకు కాళ్లూ చేతులూ. వయసు ఇరవై ఎనిమిదేళ్లు, బండికి. ఊళ్లో బుద్ధిగానే నడుస్తుంది. సరుకు నింపుకుని మూన్ నది వంతెన ఎక్కేటప్పుడు పెడలు తొక్కితే మాత్రం దగ్గుతుంది, ముక్కుతుంది, నల్లటి పొగ కక్కి వెనక్కి జారినంత పని చేస్తుంది. పట్నంలో ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకడు డీజిల్ ఫిల్టరు మార్చాడు, ఒకడు నాజిళ్లు కడిగాడు, మూడోవాడు పంపు పోయింది, బండి అమ్ముకోమన్నాడు. చేతగానివాడి నోట ఎప్పుడూ ఆ సలహానే వస్తుంది.

"బాగవదంటే ఇప్పుడే చెప్పండి మేస్త్రీ. పాత బండ్ల వ్యాపారిని ఎల్లుండి రమ్మన్నాను. రేపటి నించి నాకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు," అంది బువాలీ.

"కాసేపు మాట్లాడకుండా కూర్చో. నీ గొంతే వినబడుతోంది గానీ దాని గొంతు వినబడటం లేదు."

ఇంజను లోపల అన్నీ సరిగానే కొట్టుకుంటున్నాయి. డీజిల్‌లోకి గాలి చొరబడుతోందేమోనని గొట్టం మధ్యలో పారదర్శకమైన ముక్క అతికించి చూశాడు. ఒక్క బుడగ లేదు. గాలి ఫిల్టరు పైకి తీశాడు, శుభ్రంగా ఉంది. దాని కింద పెట్టె అడుగున ఎర్రటి గుడ్డ కనిపించింది, భిక్షువులు మంత్రాలు రాసిచ్చే రక్షగుడ్డ. రెండు చేతులూ జోడించి దానికి దండం పెట్టి, మళ్లీ మూత వేశాడు.

మధ్యాహ్నం బంక అన్నం ముద్దలు కారంలో అద్దుకుని తింటూ కూడా ఆయన బానెట్టు వైపే చూస్తున్నాడు. ఇది తేలకపోతే రేపు గుండు గీయించుకుంటూ కూడా దీన్నే తలుచుకుంటానని భయం పట్టుకుంది. అమ్మకు మళ్లీ అదే సాకు చెప్పినట్టవుతుంది. నల్ల పొగ అంటే తిండి అందుతోంది, ఊపిరి అందటం లేదని అర్థం. కానీ గాలి ఫిల్టరు శుభ్రంగా ఉందే. మరి దాని కింద ఉన్నది? అక్కడే చెయ్యి ఆగిపోయింది. తినబోయిన ముద్ద అలాగే పెట్టేసి లేచాడు.

ఫిల్టరు తీసి పక్కన పెట్టాడు. బువాలీని ఎక్కి పెడలు బలంగా తొక్కమన్నాడు. ఇంజను రంకె వేసింది. అడుగున పడి ఉన్న ఎర్ర గుడ్డ చప్పున లేచి, ఇంజనులోకి గాలి పోయే గొట్టం నోటికి అతుక్కుంది. నల్ల పొగ వచ్చింది. పెడలు వదిలితే గుడ్డ మళ్లీ అడుగుకు జారి, ఏమీ ఎరగనట్టు పడుకుంది. దాన్ని కట్టిన దారం చివికి తెగిపోయి ఉంది.

పట్నంలో ముగ్గురూ ఆ గుడ్డను చూసే ఉంటారు. ముగ్గురూ దండం పెట్టి మూత వేసే ఉంటారు. పరాయివాళ్ల రక్ష మీద చెయ్యి వేసే మెకానిక్కు మా వైపు పుట్టలేదు.

అది థొంగ్‌దీ పోయిన రోజు అతని చొక్కా జేబులో దొరికిన గుడ్డ. అందరూ అద్దానికి వేలాడదీస్తారు గానీ బండికి గుండె ఇంజనే కదా అని అక్కడ కట్టానని చెప్పింది బువాలీ. చెబుతుంటే ముఖం పాలిపోయింది. మొగుడి రక్షే బండి పీక నొక్కిందా అని ఆమె బాధ.

"నీ తప్పేం లేదు. గుండెకని కట్టావు, అది జారి ముక్కు మూసింది. పొద్దున చూసి కూడా దండం పెట్టి ఊరుకున్నాను చూడు, నాకు పెట్టాలి గడ్డి," అన్నాడు ఖంపాన్. "నువ్వే తియ్యి. నేను ముట్టుకోను."

బువాలీ బంపరు మీద నిలబడి లోపలికి చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. ఆయన తొందరపెట్టలేదు. చివరికి మసి పట్టిన గుడ్డను రెండు చేతులతో పైకి తీసి, నుదుటికి ఆనించుకుని, రవికలో దాచుకుంది.

పొద్దువాలే వేళకు బరువు కోసం రాళ్ల బస్తాలు వేసుకుని ఇద్దరూ వంతెన ఎక్కి దిగి వచ్చారు. ఖంపాన్ తాళం చెవి ఆమె అరచేతిలో పెట్టి, ఆ చేతిని మూసి, ఒక క్షణం ఎక్కువే పట్టుకున్నాడు. భిక్షువు ఆడవాళ్లతో చేతి నుంచి చేతికి ఏదీ ఇచ్చిపుచ్చుకోకూడదు. అది ఇద్దరికీ తెలుసు.

"రేపు మీరు ఊరేగేది ఈ బండి మీదే," అంది బువాలీ.

మర్నాడు డప్పులూ, పూలూ, గొడుగూ. తెల్లబట్టల్లో గుండుతో ఖంపాన్ ఆ పికప్పు వెనక కూర్చుని, రంగు రిబ్బన్లు చుట్టిన నాణేలు మా మీదికి విసిరాడు. బువాలీ నడిపింది. ఆరామం దగ్గర, నేలకు కాలు తగలకూడదని కుర్రాళ్లు ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని గడప దాటించారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ మరుసటి తెల్లవారుజామున బువాలీ సంతకు బయలుదేరితే, గంపలు దించడానికి పక్క సీట్లో నేనున్నాను. వంతెన మొదట్లో అలవాటుగా ఆమె భుజాలు బిగుసుకున్నాయి. పెడలు తొక్కింది. బండి తడబడలేదు. గంపల బరువంతా మోసుకుంటూ నున్నగా ఎక్కి, నున్నగా దిగింది. అవతలి గట్టున ఏ పనీ లేకుండానే ఆపింది.

"ఒక్కసారి దగ్గి ఉంటే బాగుండేది. వెనక్కి తిప్పుకుని షెడ్డుకు వెళ్లేదాన్ని," అంది. మొగుడు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, స్టీరింగు పట్టుకుని ఏడ్చింది.

నేను వెనక్కి తిరిగాను. కూరగాయల గంపల మధ్య, నిన్నటి వాడిన పూల కింద, మడమల దగ్గర అరిగిన ఆయన రబ్బరు చెప్పుల జత పక్కపక్కనే ఉంది.