ఆరంగుళాల గచ్చు

బాలవ్వ పొద్దున లేచి మొహం కడుక్కోగానే వాకిట్లోకి వచ్చి, కొడుకు కూర్చునే స్టూలు కింద చూస్తుంది. అక్కడ మొలిచిన చెరుకు గడను విరిచి, గడప మీద కూర్చొని నములుతుంది. ఆ తర్వాతే చాయ్.

"నిన్నటికన్నా ఇయ్యాల తియ్యగుంది రా ప్రభూ," అన్నది పిప్పి ఊసి. "ఎదురింటి పోశన్న ఏం తెచ్చిండు?"

"నాకేమెరుక?" అన్నాడు ప్రభు.

"షట్టర్ తెచ్చిండత్తా," అని లోపలి నుంచి కోడలు ఎస్తర్ అందించింది. "నీలం రంగుది."

బోధన్‌లోని ఆ గల్లీలో ఎవరికి కుళ్లు పుడితే వాళ్ల కాళ్ల కింద చెరుకు మొలుస్తుంది. చెల్లెలికి కొత్త గౌను కుట్టిస్తే అక్క మంచం కింద రెండు కణుపులు. పక్కింటికి ఫ్రిజ్ వస్తే వంటింట్లో మూడు. విరుచుకొని తినేస్తారు, అంతే. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఊరి చుట్టూ చెరుకు వేసేవాళ్లు తగ్గారు గాని, ఈ పంటకు మాత్రం ఏ ఏడూ లోటు రాలేదు.

ప్రభు, పోశన్న ఒకే ఉస్తాద్ దగ్గర కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం నేర్చుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఎదురెదురు ఇళ్ల ముందు, ఎదురెదురు టార్పాలిన్ల కింద అదే పని. ప్రభు మట్టి నేల మీద స్టూలు వేసుకొని, పోశన్న షాబాదు బండ మీద. "చల్లగుంటది," అనేవాడు పోశన్న.

ఉగాది దాటాక పోశన్న టార్పాలిన్ పీకేసి, ఇంటి పక్క జాగాలో వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. ప్రభు స్టూలు కింద సాగు ఊపందుకుంది. గోడలు లేస్తే మోకాలెత్తు, రేకులు పడితే నడుమెత్తు. గోడకు ప్లైవుడ్ కొట్టి, దాని మీద పానాల బొమ్మలు, పట్కార్ల బొమ్మలు తెల్లరంగుతో గీసి, ఏ బొమ్మ మీద ఆ పనిముట్టు తగిలించిన రోజైతే ప్రభు స్టూలుతో సహా గజం పైకి లేచాడు. దిగడానికి ఎస్తర్ చెయ్యందించాల్సి వచ్చింది.

"బొమ్మలు గీసుడేందే? పానా యాడుందో చేతికి తెల్వదా?"

"నిన్న నువ్వు పన్నెండు నంబర్ పానా గంటసేపు ఎతికినవ్. దాని మీదనే కూసున్నవ్."

గచ్చు సంగతే ఎవరికీ అర్థం కాలేదు. అందరూ రెండంగుళాలు వేసుకుంటే, పోశన్న ఇనుప చువ్వలు పరిచి ఆరంగుళాలు పోయించాడు. "లారీలు నిలబెడుతవా?" అని మేస్త్రీ ముత్యం నవ్వితే, "బరువులుంటయి కదనే," అన్నాడు నేల చూస్తూ.

షట్టర్ ఇంకా ఎత్తనే లేదు, రైతులు మోటార్లు పట్టుకొని అక్కడ ఆగడం మొదలైంది. ప్రభు నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక మోటార్ల దుకాణానికి ఫోన్ చేశాడు. "సోమారం సంది పనికొస్త, సేట్."

"పనికి పోతున్నవా, గీ షట్టర్ కనబడకుండ పోతున్నవా?" అంది ఎస్తర్.

"రెండూ అనుకో."

"నిజామాబాద్‌ల షట్టర్లుండయా?"

ప్రభు కాలి కింద ఇంకో కణుపు వేసింది.

శుక్రవారం ప్రారంభం. ఎస్తర్ లాక్కొస్తే ప్రభు వచ్చి షట్టర్ దగ్గర నిలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టారు. మొదటి బేరంగా లింబయ్య అనే రైతు కాలిన బోరు మోటారు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పోశన్న విప్పాడు. కళ్లద్దాలు పెట్టాడు, తీశాడు. మీటరు ఇక్కడ పెట్టాడు, అక్కడ పెట్టాడు. చెమట. అందరూ చూస్తున్నారు.

ప్రభు ముక్కు ఊరుకోలేదు. "స్టార్టింగ్ కాయిలొక్కటే పోయింది రా. రన్నింగ్ మంచిగుంది, ముట్టకు," అన్నాడు అక్కడి నుంచే, వాసన పట్టి.

పోశన్న మీటరు పెట్టి చూశాడు. నిజమే.

అప్పుడు ఫట్‌మని చప్పుడు. పోశన్న రెండు కాళ్ల మధ్య కొత్త గచ్చు పగిలి, పగులు షట్టర్ దాకా పాకింది. అందులోంచి ముంజేతి లావు గడ ఒకటి లేచి రేకులకు తగిలింది.

బాలవ్వ అందరినీ తోసుకొని పోయి, ఓ ముక్క విరిపించుకొని నమిలింది. కళ్లు మూసుకుంది.

"ఇది ఇయ్యాలటిది కాదు. ఇరవై ఏండ్లు ఊరింది. ఎస్తరూ, నీ మొగనిదింత తియ్యగ ఎన్నడు లేదు పో!"

పోశన్న మీటరు పక్కన పెట్టాడు. "ఉస్తాద్ నీకు ముక్కిచ్చిండు రా ప్రభూ. నాకు మీటరిచ్చిండు," అన్నాడు. "బండ మీద కూసుంటే ఆగింది. ఆరంగుళాలు పోయిస్తే ఇగ రాదనుకున్న."

ప్రభు వంగి తన కాళ్ల కింద చూసుకున్నాడు. ఏమీ లేదు. బల్ల దగ్గరికి వచ్చి, బొమ్మ మీది నుంచి పట్కారు తీశాడు.

"జరుగు. తీగ తియ్యి."

సోమవారం నిజామాబాద్ బస్సు దాని టైముకు అది పోయింది. పగులు పూడుస్తానని ముత్యం వస్తే ఇద్దరూ వద్దన్నారు. ఇప్పుడు దానికి అటొకటి, ఇటొకటి రెండు స్టూళ్లు. పొద్దున బాలవ్వ గల్లీ దాటి వర్క్‌షాప్‌కు పోయి, మొలిచిన గడ నమిలి ఎవరిదో చెబుతుంది.

మొన్న మాత్రం నములుతూ మొహం అదోలా పెట్టింది.

"చప్పగైతున్నయే ఎస్తర్. ఇద్దర్ల ఒకనికి కొత్త కుర్సీ కొనరాదూ?"