క్రేనెక్కిన కోడలు

"నా కళ్ళజోడు చూశావా?" అని భర్త ముందుగదిలోంచి కేకేశాడు. ఆమె మోచేతుల దాకా సబ్బునురగలో ఉంది. టీవీ పక్కన, పేపరు కింద అని చెప్పింది. చెప్పాక గాని తట్టలేదు, ఆ కళ్ళజోడు తాను చూడనేలేదని. అయినా అది అక్కడే దొరికింది. ఎవరు ఏ వస్తువు ఎక్కడ పారేస్తారో ఆమెకు మంత్రం వేసినట్టు తెలిసిపోతుంది. కూతురి సాక్సు మంచం కింద, అత్తగారి మాత్రల డబ్బా దిండు వెనకాల, గోళ్ళు తీసేది ఎప్పుడూ ఎవరూ అనుకోని చోట. ఆ ఇంట్లో వెతకడం ఆమె పని. పిలవడం తక్కిన ముగ్గురి పని. పిలిచేవాళ్ళు లేచి వచ్చి అడగరు, కూర్చున్న చోటినుంచే అడుగుతారు. గోడలు కూడా ఆమె పేరు నేర్చుకున్నాయా అనిపించేది ఒక్కోసారి.

నిజానికి కథంతా మొదలుపెట్టింది భర్తే. యువతకు ప్రభుత్వం ఉచితంగా పనులు నేర్పి ఉద్యోగాలు చూపిస్తోందని, ఆడవాళ్ళకు వేరే సీట్లు ఉన్నాయని ఆఫీసులో విని వచ్చాడు. "ముప్పై అయిదు దాకా యువతేనట. గవర్నమెంటు లెక్కలో నీ కోడలింకా పడుచుపిల్లేనమ్మా" అని తల్లితో అంటే ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, ఇంకో ఏడాది దాటితే ఆ తలుపు కూడా మూసుకుపోతుందని లెక్క వేసుకుంది. తీరా వెళ్తే కుట్టుపని, కంప్యూటరు సీట్లు నిండిపోయాయి. క్రేన్ నడిపే కోర్సులో మాత్రం ఆడవాళ్ళ సీట్లన్నీ అలాగే ఉన్నాయి. ఏదైతేనేం, సర్టిఫికెట్ వస్తుంది, నలుగురిలో మాట్లాడటం అలవాటవుతుంది అని ఆయనే దగ్గరుండి చేర్పించాడు.

నేర్పేది రేవులో క్రేన్ నడిపి రిటైరైన పెద్దాయన. వంగిన ముక్కు, ఎప్పుడూ పైకే చూసే కళ్ళు. పిల్లలంతా చాటుగా గద్ద మాస్టారు అనేవారు. మొదటిరోజు నిచ్చెన సగం ఎక్కేసరికి ఆమెకు ఇక తన వల్ల కాదనిపించింది. దిగిపోదామని కిందికి చూస్తే, కింద నిలబడ్డ కుర్రాళ్ళందరూ ఆమె దిగడం కోసమే ఎదురుచూస్తున్నట్టు కనిపించారు. ఆ మంటతోనే మిగతా సగం ఎక్కేసింది. పైన అద్దాల గది. ఒక కుర్చీ, రెండు చేతులకూ రెండు పిడులు, పక్కన చిన్న రేడియో. ఫోన్లు కిందే వదిలి రావాలన్నది అక్కడి నియమం. తలుపు వేసుకున్నాక ఏదో తేడాగా అనిపించింది. చెవులు దిబ్బడ వేశాయా అనుకుంది కాసేపు. తర్వాత అర్థమైంది, తననెవరూ పిలవడం లేదు.

రేడియోలో మాటలు వచ్చేవి. కాని అవన్నీ బరువు గురించే. ఎత్తు, ఆపు, కాస్త ఎడమకి, దించు. ఆ మాటల్లో విసుగు ఉండదు, దెప్పు ఉండదు, 'ఇంట్లో ఉండి చేసేదేముంది' ఉండదు. బరువు ఊగితే మొదట్లో ఆమె గాభరాగా వెనక్కి లాగేది, అది ఇంకా ఎక్కువ ఊగేది. "లాగితే మొండికేస్తుందమ్మా. అది ఎటు పోతే అటే కొంచెం వెంటవెళ్ళి, దాని నెత్తిమీదికి చేరుకో. అదే నిమ్మళిస్తుంది" అని చెప్పాడు మాస్టారు. మొదటిసారి కొక్కేనికి వేలాడుతున్న ఇనుప దిమ్మ గాలిలో నిశ్చలంగా నిలబడినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. ఇన్నేళ్ళలో తాను చేసిన పనుల్లో ఏదీ మర్నాటిదాకా చేసినట్టు కనబడలేదు. తోమిన గిన్నె మళ్ళీ మురికవుతుంది, ఉతికిన చొక్కా మళ్ళీ బుట్టలోకే వస్తుంది. ఈ దిమ్మను మాత్రం తాను ఎక్కడ పెడితే అక్కడే ఉంది.

కిందికి దిగి ఫోన్ తీస్తే ఇంటినుంచి వచ్చిన పిలుపులు వరసగా ఉండేవి. ఆత్రంగా ఫోన్ చేస్తే కూతురు తాపీగా "దొరికిందిలే అమ్మా" అనేది. భర్త "ఇంతసేపా? నేనే చూసుకున్నాలే" అని సణిగేవాడు. మొదట్లో ఆమెకు ప్రాణం కుదుటపడేది. పోనుపోను ఆ 'దొరికిందిలే' ముల్లులా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. దొరికేవే అయితే ఇన్నాళ్ళూ తననెందుకు పరుగెత్తించినట్టు?

కోర్సు అయిపోయాక రేవు కంపెనీ వాళ్ళు పరీక్ష పెట్టి ఆమెను తీసుకున్నారు. చేరడానికి కొద్దిరోజులు గడువుంది, తెల్లవారకముందే మొదలయ్యే షిఫ్టు. ఆ కొద్దిరోజులూ ఇల్లు ఆమెకు చాలలేదు. కూర కలుపుతుంటే ఎడమచెయ్యి దానంతటది పిడిని వెతుక్కునేది. మేడమీద బట్టలు ఆరేస్తూ, ఆరేసినవాటినే మళ్ళీ సర్దుతూ, కిందినుంచి పిలుపు వినపడ్డా పలక్కుండా నిలబడేది. కుదురుగా కూర్చుంటే గుండెలో ఏదో ఊగేది, దాన్ని ఆపడం తెలిసేది కాదు.

అంతలో శిక్షణ కేంద్రం మేనేజరు కబురుపెట్టాడు. కేంద్రంలోనే కొత్తగా వచ్చేవాళ్ళకు సలహాలు చెప్పే కౌన్సిలర్ ఉద్యోగం, పగటిపూట, కుర్చీలో కూర్చుని చేసేది. ఆమెలాంటివాళ్ళు చెబితే ఆడపిల్లలు ధైర్యంగా చేరతారని, ప్రభుత్వం కోరేది కూడా అదేనని ఊదరగొట్టాడు.

"చేరినవాళ్ళకి ఏం చెప్పాలి సార్?" అని అడిగింది ఆమె.

"ఆడవాళ్ళు చెయ్యలేని పని లేదని చెప్పండి."

"మరి మీరు క్రేన్ ఎందుకు మానేశారని అడిగితే?"

ఆయన నవ్వేసి, ఆలోచించుకుని చెప్పమన్నాడు. ఆమె అక్కడ ఆలోచించలేదు. బస్టాపుకు నడిచి వచ్చి, బెంచీ మీద కూర్చుని, రేవు కంపెనీకి ఫోన్ చేసి సోమవారం చేరతానని చెప్పేసింది. చెప్పాక, నిచ్చెన మీద కూడా వెయ్యనంత భయం వేసింది.

కేంద్రం ఉద్యోగం సంగతి మేనేజరు ద్వారా అప్పటికే భర్తకు తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పండగలా ఉన్నాడు. నీడపట్టు ఉద్యోగం, ఇంటికి దగ్గర, పిల్ల బడినుంచి వచ్చేసరికి వచ్చేయొచ్చు అని తల్లికి చెబుతున్నాడు. ఆమె వడ్డిస్తూ, రేవులో చేరతానని మాటిచ్చేశానని చెప్పింది. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు అందరికీ వినపడింది.

ఆయన కోప్పడలేదు. అది ఆయన అలవాటు కాదు. నచ్చజెప్పడం ఆయన అలవాటు. పైనుంచి పడితే ఏమిటన్నాడు, పిల్లను పొద్దున్నే ఎవరు లేపుతారన్నాడు, ఇంట్లో ఆమెను ఎవరైనా ఒక్కమాట అన్నారా అన్నాడు. చివరికి, "మనకంత అవసరం ఏమొచ్చిందని?" అని అడిగాడు.

ఆమె దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. పిల్ల చదువు, రేపటి ఖర్చులు, అత్తగారి మందులు. వాటిలో ఏది చెప్పినా ఆయన కాసేపు వాదించి ఒప్పుకునేవాడు. ఇంటికోసం ఆడది ఎంత ఎత్తెక్కినా ఇల్లు క్షమిస్తుంది. ఆ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసింది.

"అవసరం ఏమీ లేదండీ. నాకు అక్కడ బాగుంటుంది."

ఆయన చేతిలోని ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు. "అంటే, ఇక్కడ బాగుండదా?" అన్నాడు. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఆమెను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. కూతురు తల్లివైపు ఒకసారి, తండ్రివైపు ఒకసారి చూసి, తన కంచం తనే తీసుకెళ్ళి తొట్టిలో పెట్టింది.

తర్వాత ఆమె గిన్నెలు సర్దుతుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చింది. దెప్పడానికే వచ్చిందనుకుని ఆమె వీపు బిగించుకుంది. ఆవిడ గట్టుకు ఆనుకుని నిలబడింది.

"భయం వెయ్యదుటే?"

"మొదట్లో వేసేదత్తయ్యా."

"అంత పైన ఏం వినపడుతుంది?"

"గాలి. రేడియోలో కిందివాళ్ళు బరువు ఎత్తమనీ దించమనీ చెబుతారు. అంతే."

"ఇంట్లోవాళ్ళు పిలిస్తే?"

"వినపడదు."

ముందుగదిలోంచి ఆవిడ కొడుకు "అమ్మా, రిమోట్ చూశావా?" అని కేకేశాడు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, కోడలికి ఇంకాస్త దగ్గరగా జరిగి, అడగకూడనిదేదో అడుగుతున్నట్టు గొంతు తగ్గించింది.

"అక్కడ పక్కన ఇంకొకరు కూర్చోడానికి చోటుంటుందా?"