సాంచెలు ఆగిన పూట

ఇంట్లో కూర్చుని రాసే కరోనా డిగ్రీకి విలువేముందని ఎవడో నోరు జారితే, సోమలింగం వాడితో మాట్లాడటమే మానేశాడు. ఆయన బిడ్డ సంతోషికి ఆ రోజు బీకాం ఆఖరి పరీక్ష. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కింది ఆ పిల్ల ఒక్కతే. పొద్దుటి నుంచీ తండ్రికి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

బతుకుదెరువుకు రాష్ట్రం దాటి వచ్చిన గోడాదరాలో వాళ్లుండేది సాంచెల కార్ఖానా మీది గదిలో. కింద మరమగ్గాలు ఆడుతుంటే పైన గిన్నెలు వణుకుతాయి. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు.

ఫోనులో పరీక్ష మొదలైన కాసేపటికి భార్య భాగీరథి మెట్లు దిగి పరుగున వచ్చింది. చెవులు చూపించింది, రెండు వేళ్లు చూపించింది, మూడో వేలు ఎత్తి గొంతు కోసినట్టు గీసింది. చప్పుడెక్కువైందని ఫోను రెండుసార్లు హెచ్చరించిందట. మూడోసారికి పరీక్ష రద్దే.

సోమలింగం తన సాంచెలు ఆపి, వరసంతా చేతులూపుకుంటూ పరుగెత్తాడు. మీటరుకింత అని కూలి తీసుకునే మనుషులు, ఒక్కరూ ఎదురు చెప్పలేదు. పక్క కార్ఖానాకీ ఉరికాడు. చూస్తుండగానే గల్లీ మొత్తం చల్లబడింది.

కొంప అక్కడే మునగబోయింది. పట్టపగలు ఆ గల్లీలో సాంచెలు ఆగేది ఎవరైనా పోతేనే. ఆ యేడు చాలాసార్లే ఆగాయి. జనం బిలబిలా బయటికొచ్చారు. మెట్ల దగ్గర కళ్లు తుడుచుకుంటున్న భాగీరథిని చూసి ఎదురింటి లింగవ్వ రాగం తీయడానికి నోరు తెరిచింది. సోమలింగం ఒక్క దూకున వెళ్లి ఆమెకు దండం పెట్టాడు. పైకి చూపించి, అరచేతిలో రాసి చూపించాడు.

గల్లీకి అర్థమైంది. మాస్కుల వెనక ఊపిరి బిగబట్టి అందరూ అలాగే నిలబడ్డారు. దగ్గు వచ్చినవాడు దగ్గు మింగాడు. ఎవరూ ఇంటికి పోలేదు.

చివరికి తలుపు తెరుచుకుంది. "అయిపోయింది బాపూ, అన్ని రాసిన," అంటూ నవ్వుతూ వచ్చిన సంతోషి, అంత జనాన్ని చూసి మెట్ల మీదే ఆగిపోయింది. సోమలింగానికి సంబరం పట్టలేక ఏడుపొచ్చింది.

లింగవ్వ పైకెళ్లి పిల్ల తల నిమిరింది.

"పీనుగను సాగనంపనీకె వచ్చినం బిడ్డా. బతికున్న మనిషి కోసం సాంచెలు ఆగుడు గిదే మొదలు."