పొగమంచు కొట్టే తుపాకీ

అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి, దీనమ్మకి చదువు యాభై దాటాక వచ్చింది, ఒత్తులు ఇప్పటికీ చెప్పిన చోట కూర్చోవు, చెయ్యి నిదానం, ఒక మాట రాసేలోపు మనసు నాలుగు మాటలు ముందుకెళ్ళి వెనక్కి తిరిగి చూస్తుంటుంది, తుపాకీ విప్పేటప్పుడు మాత్రం అలా కాదు, అక్కడ చెయ్యే ముందు, మరలు ఒక్కొక్కటీ ఊడి సత్తు పళ్ళెంలో టింగుమంటుంటే మనసు దాని వెనకాలే నడిచొస్తుంది, ఇదుగో ఈ ఆకుపచ్చ తుపాకీ కూడా చేపని చీల్చినట్టు రెండు బద్దలై చాప మీద విచ్చుకుంది, లోపల చూస్తే ఏముంది, ఒక గొట్టం, గొట్టంలో పుల్ల, పుల్ల చివర రబ్బరు వాషరు, ఒక స్ప్రింగు, నీళ్ళు వెనక్కి పోకుండా బఠాణీ గింజంత గోలీ, అంతే, పోయిన వేసవిలో మనవరాలు జ్యోత్స్న తుపాకీ నీళ్ళు ముందుకి కొట్టకుండా దాని చొక్కా చేతిలోకే కారుస్తుంటే పారెయ్యబోయి విప్పి చూసింది, చూస్తే నవ్వొచ్చింది, ఇది మొగుడు జకరయ్య చేలల్లో వీపున మోసిన డబ్బాయే కదా, చిన్నదై రంగులేసుకుంది, అప్పటినుంచి తెనాలి బజారులో బొమ్మల కొట్టు కనబడితే కాళ్ళు వాటంతటవే ఆగుతాయి, చుట్టుపక్కల పిల్లల చెడిపోయిన తుపాకులన్నీ ఈ గుమ్మానికే వస్తాయి, సైకిలు ట్యూబు కత్తిరించి వాషరు వేస్తుంది, ఆముదం రాస్తుంది, బుల్లి నీళ్ళ తిత్తి పీకేసి కూల్‌డ్రింకు సీసా బిగిస్తుంది, ఈ వయసులో నీకు తుపాకులేంటి పిన్నీ, ఎవరి మీద యుద్ధానికి పోతున్నావు అని పక్కింటి ప్రమీల, నీ మీదకేనే, ఆరేసిన చీర తీసుకో ముందు అని దీనమ్మ.

పిల్లలకి దూరం కావాలి, ధార ఎదురింటి గోడకి తగలాలి, ఈ ఆకుపచ్చదానితో మాత్రం మంచు కొట్టించాలని దీనమ్మ పట్టు, వారం నుంచి అదే ధ్యాస, సూది కాల్చి మూతికి బెజ్జం పెడితే ధారే వస్తుంది, మంచు రావాలంటే నీళ్ళు లోపల సుడి తిరిగి బయటపడాలి, జకరయ్య డబ్బా మూతిలో ఏటవాలు గాట్లున్న ఇత్తడి బిళ్ళ ఉండేది, గోరంత, నీళ్ళు ఆ గాట్ల వెంట తిరిగొచ్చి గొడుగులా విచ్చుకునేవి, ఆ బిళ్ళ ఇప్పటికీ పెట్టె అడుగున గుడ్డలో ఉంది, పొద్దున తీసి చూసింది, మళ్ళీ చుట్టి పెట్టేసి రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది, అది ఎంత కడిగినా పిల్ల ఆడుకునే దాంట్లో పెట్టే వస్తువు కాదు, కంటికి గుర్తున్న కాడికి సీసా మూత ముక్క మీద కొత్తది చెక్కుకోవాల్సిందే, చాకు కొన కాల్చి ఒక గాటు, పక్కన ఇంకో గాటు, కాలిన ప్లాస్టిక్కు వాసన, ఆ వాసన వెనక ఇంకేదో వాసన, రేపల్లె అవతల మినప చేలు, సూర్యుడింకా రాలేదు, జకరయ్య గట్టు మీద నిలబడి కండువా అంచు పైకెత్తి గాలి చూసేవాడు, అంచు ఊగితే గట్టు మీద చతికిలబడేవాడు, ఊగకపోతే దీనా, కలుపు అనేవాడు, ఆమె బిందెతో కాలవ నీళ్ళు తెచ్చి కలిపేది, ఆయన చేలో దిగితే ఆయన చేతి మంచేదో పైనుంచి దిగిన మంచేదో తెలిసేది కాదు, ఆ తెలుపులో దగ్గు వినపడితే అదుగో అక్కడున్నాడు అనుకునేది.

ఇవన్నీ నీకెవరు నేర్పారమ్మమ్మా అంది జ్యోత్స్న, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, మీ తాతే, ఇంకెవరు అంది దీనమ్మ, ఆ పిల్ల అడగనా వద్దా అన్నట్టు గోలీని పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించింది, తాతయ్య మందు కొట్టేవాడంటగా అంది చివరికి గొంతు తగ్గించి, కొట్టేవాడంటగా ఏంటే, ఆయన కొట్టినట్టు కొట్టేవాడు రేపల్లె చుట్టుపక్కలే లేడు, ఇంటికొచ్చి మరీ పిలుచుకుపోయేవాళ్ళు అంది దీనమ్మ, రోజూనా అని పిల్ల, సీజన్లో రోజూ, తెల్లారకముందే మొదలెట్టేవాడు, తెల్లారకముందేనా, అప్పుడైతేనే బాగా పడుతుంది మరి, ఎండెక్కేలోపు పది ట్యాంకులు లాగించేవాడు, ట్యాంకులా, జ్యోత్స్న కళ్ళు గుండ్రంగా అయిపోయాయి, మరి నువ్వేమీ అనేదానివి కాదా, ఏమంటాను, నేనే పక్కన కూర్చుని నీళ్ళు కలిపిచ్చేదాన్ని, పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నువ్వే కలిపిచ్చేదానివా, అమ్మకి మాత్రం చెప్పకు అమ్మమ్మా, అసలే అమ్మ తాతయ్య ఫొటో బయటికి తియ్యదు, మీ నాన్న మందు కొట్టి చేలో పడిపోయాడంటగా అని అమ్మని హాస్టల్లో ఏడిపించేవాళ్ళంట, మా నాన్న ఎవరి పెళ్ళికన్నా వెళ్ళొస్తే గుమ్మంలోనే నిలబెట్టి నోరు వాసన చూస్తుంది, అని నవ్వింది.

చాకు చేతిలోనే ఆగిపోయింది, కొన ఎరుపు తగ్గి నల్లబడుతోంది, మందు, ఆ రోజుల్లో తాగినవాణ్ణి సారా తాగాడనేవాళ్ళు, మందంటే చేలోదే, తర్వాతెప్పుడో బస్సుల్లో కుర్రాళ్ళ నోట ఆ మాట ఇంకోలా వింది, విన్నా అది వచ్చి జకరయ్య పేరు పక్కన నిలబడుతుందని తోచలేదు, చదువు నేర్చుకునేటప్పుడు పలక మీద సున్నా పెట్టి రాసిన మొదటి మాటా అదే, మందు, జ్వరానికీ మందే, పురుగుకీ మందే, అనుకుంటూ రాసింది, మూడోది, ఆ సారా కూడా మందేనని ఆ రోజు కూడా తట్టలేదు, కూతురు స్నేహలతని అయిదేళ్ళప్పుడు బాపట్ల హాస్టల్లో వదిలొచ్చింది, సెలవులకొచ్చినప్పుడు ఒకసారి నాన్న ఎలా పోయాడమ్మా అనడిగితే మందే మింగేసిందే మీ నాన్నని అంది, పొయ్యి వైపు తిరిగి పుల్ల ఎగదోసుకుంది, ఆ పిల్ల మళ్ళీ అడగలేదు, పెళ్ళిచూపులప్పుడు అబ్బాయిని ఉద్యోగం అడగలేదు, మీకు తాగే అలవాటుందా అండి అని అందరి ముందూ అడిగింది, నా కూతురు తెలివైంది అని మురిసిపోయింది దీనమ్మ, జకరయ్య ఫొటోకి చట్రం కట్టించి తీసుకెళితే ఈ గోడకి మేకు దిగదమ్మా అని బీరువాలో పెట్టేసింది, సిమెంటు గోడ కదా పాపం అనుకుంది, మీ నాన్న మందు కొడితే ఊరంతా చెప్పుకునేది అని తను ఎత్తుకున్నప్పుడల్లా ఆ పిల్ల లేచెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది, పని మీద శ్రద్ధ అనుకుంది, ముప్పై ఏళ్ళ పైగా తల్లి గొప్పగా చెప్పుకున్న మాటకే కూతురు తల దించుకుంటూ వచ్చింది, ఒకటే మాట, ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంది.

బిళ్ళ మూతిలో పెట్టి బద్దలు రెండూ మూసింది, మరలు బిగించేటప్పుడు ఒకటి జారిపోతే జ్యోత్స్న చాప కింద వెతికి ఇచ్చింది, సీసాలో నీళ్ళూ నింపింది, సాయంత్రం బండికి స్నేహలత పిల్లని తీసుకెళ్ళడానికి వస్తుంది, చెబితే నమ్ముతుందా, ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ అంటుందా, నమ్మితే మాత్రం, కోపంతో ఇన్నేళ్ళు పక్కన పెట్టిన తండ్రి కోసం ఇప్పుడు కొత్తగా ఏడవాలి కదా, ఏడిస్తే ఏడవనీ, తండ్రి కోసమేగా అనుకుంటుండగానే వీధిలో ఆటో ఆగింది, ఉక్కకి మొహం జిడ్డోడుతూ బ్యాగు భుజాన వేసుకుని కూతురు గుమ్మంలో నిలబడింది, దీనమ్మ తుపాకీ పైకెత్తి నొక్కింది, మంచు వచ్చింది, అచ్చం మంచే, గొడుగులా విచ్చుకుని కూతురి జుట్టు మీద, రెప్పల మీద, మెడ మీద చప్పుడు లేకుండా దిగింది, ఏంటమ్మా ఇది, పన్నీరు చల్లినట్టుంది, ఎవరు చేశారు అంది స్నేహలత కళ్ళు మూసుకునే, నేనేనే, మీ నాన్న దగ్గర చూసి నేర్చుకున్నా, ఆయన పైరుకి మందు కొట్టేవాడు, ఇలాగే, ఒక రోజు గాలి తిరగబడి అంతా ఆయన మొహానే పడింది, అక్కడే చేలో పడిపోయాడు, అంది దీనమ్మ ఒక్క ఊపిరిన, ఎక్కడన్నా ఆగితే మళ్ళీ మింగేస్తానేమోనని, స్నేహలత కళ్ళు తెరిచింది, పైరుకా, అంది, హాస్టలు గేటు దగ్గర వదిలినప్పటి గొంతు అది, పైరుకే తల్లీ, మినుముకి, తాగేవాడు కాదా, చర్చిలో ప్రభు భోజనానికిచ్చే ద్రాక్షరసం చుక్క తప్ప ఎరగడే, స్నేహలత తడి మొహం తుడుచుకోలేదు, బ్యాగు దించి మెట్టు మీద కూర్చుంది, ఫొటో వేరే గోడకి పెడతాలే అంది, తర్వాత మొహం పైకెత్తి ఇంకోసారి కొట్టమ్మా అంది, దీనమ్మ కొట్టింది, నీళ్ళే, ఉత్త నీళ్ళే, ఆ మంచులో కూతురి పక్కన నిలబడి ఉంటే మనసు ఇక ముందుకీ వెనక్కీ పోకుండా ఒకచోట కూర్చుంది, ఇన్నేళ్ళూ తమ ఇద్దరి మధ్యా లోటైంది మూడక్షరాలు, పై, రు, కి, ఒక్క ఒత్తు కూడా లేదు, తన చెయ్యి సైతం తప్పు లేకుండా రాయగలిగిన మాట.

దీనమ్మ, అరవై మూడేళ్ళు, ఇప్పుడుండేది తెనాలి చినరావూరులో.