పచ్చరంగు ఇల్లు

"బసవయ్యా! మీ ఇల్లు ఎరుపులో ఉంది, సర్దుకుని బడికాడికి పోవాలి!" ఫోను చూసుకుంటూ ఇరవయ్యో పేరు చదివాడు శాంతయ్య. ఎగువన ఖమ్మంలో వాన ఇంకా ఆగలేదని, మధ్యాహ్నానికి మునేరు వరద పెనుగంచిప్రోలు మీదికి వస్తుందని పొద్దున్నే కబురొచ్చింది. కాగితాల్లో అతను గ్రామ రెవెన్యూ సహాయకుడు, ఊరి నోట తలారి. ముప్పై ఏళ్లుగా పేర్లు పిలవడమే పని. అప్పట్లో డప్పు కొట్టి పిలిచేవాడు, ఇప్పుడు ఫోను చూసి పిలుస్తున్నాడు.

ఊరి ఎత్తుపల్లాలన్నీ ఉపగ్రహం పైనుంచే కొలిచేసింది. ఏ ఇల్లు ఎక్కడుందో చెప్పాల్సింది మాత్రం శాంతయ్యే. ప్రతి గడపలో నిలబడి ఫోనులో బొత్తం నొక్కాలి. మునిగే ఇల్లు మ్యాపులో ఎర్రగా పడుతుంది, మునగనిది పచ్చగా. నిరుడు తొలకరిలో ఆరువందల గడపలు తిరిగాడు. పున్నమ్మ ఇంటిదాకా వచ్చేసరికి సందంతా మోకాటిలోతు బురద. అసలే అతని మోకాళ్లు సలుపుతున్నాయి. యాభై అడుగుల తేడాకి కొంప మునగదులే అనుకుని తారు రోడ్డు మీదే నిలబడి నొక్కేశాడు. రోడ్డు మెరక. పల్లంలో ఉన్న పున్నమ్మ ఇల్లు పచ్చగా పడింది.

ఆమె ఇప్పుడు గడపలో కూర్చుని ఉంది. వెనకాముందూ ఎవరూ లేని మనిషి, పత్తి తీతకు పోయి బతుకుతుంది.

"నా పేరు పిలవలేదేందిరా?"

"లిస్టులో లేదక్కా. అయినా పద, పోదాం."

"పోయినసారి పేరు లేకుండా బడికి పోతే నలుగుర్లో అన్నం బంతిలోంచి లేపి పంపిచ్చారుగా. మళ్లీ ఆ సిగ్గు నాకొద్దు. పేరు రానియ్, వస్తా."

శాంతయ్య పక్కకి వెళ్లి గ్రామ సచివాలయంలో లిస్టు చూసే రాజ్‌కిరణ్‌కి ఫోను చేశాడు.

"సార్, పున్నమ్మ పేరు చేర్చాలండి."

"ఆ ఇల్లు పచ్చలో ఉంది కదండీ. కారణం చెప్పండి, మారుస్తా."

కారణం నాలుక చివరిదాకా వచ్చింది. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. ఇలాగే తప్పు నొక్కిన పక్క ఊరి తలారిని సస్పెండు చేశారు.

"ఏం లేదండి, ఊరికే అడిగా," అన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యంతోనే పక్క సందుకి పోయి మిగిలిన పేర్లు చదివాడు.

మధ్యాహ్నం బడిలో సాంబారన్నం వడ్డించాడు. మూడింటికి ఏరు కట్ట దాటకముందే కల్వర్టు గుండా వెనకనుంచి నీళ్లు ఎగదన్నాయి. పడవ ముందు ఎర్ర ఇళ్లకు వెళ్లింది. పున్నమ్మ సందులోకి పొమ్మని శాంతయ్య అరిచాడు. అది పచ్చ కదా, తర్వాత చూద్దామన్నారు పడవవాళ్లు.

అయిదింటికి ఆమెను తెచ్చి బడి వరండాలో పడుకోబెట్టి ముఖం మీదిదాకా దుప్పటి కప్పారు. ఆ ఇంట్లో నీళ్లు ఛాతీదాకా ఉన్నాయట. శాంతయ్యకు ఏడుపు రాలేదు. కూర్చుని కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కినట్టు మనసంతా మొద్దుబారింది.

మర్నాడు రిపోర్టుకని పున్నమ్మ ఇంటి ఫొటో, ఆమె ఆధార్ కార్డు అడిగాడు రాజ్‌కిరణ్. ఆ ఇల్లు పచ్చలో ఎందుకు పడిందని కూడా అడిగితే చెప్పేద్దామనుకున్నాడు శాంతయ్య. అతను అడగలేదు.

సందులో మళ్లీ మోకాటిలోతు బురద. ఈసారి దిగి నడిచాడు. గడపలో నిలబడి బొత్తం నొక్కితే ఎర్రగా పడింది.

కార్డు కోసం ఇల్లంతా వెతికాడు. తడిసిన పెట్టెలో లేదు. తలెత్తి చూస్తే దూలం మీద నీళ్లందని చోట ఒక మూట కనిపించింది. దించి ముడి విప్పాడు. మడతపెట్టిన రెండు చీరలు, వాటి మధ్య కార్డు. పేరు పిలిస్తే బయలుదేరడానికి సర్దుకునే కూర్చుందన్నమాట. అడుగున, బడిలో అన్నం పెట్టించుకోవడానికని తోమి పెట్టుకున్న స్టీలు కంచం, చుక్క నీరు తగలకుండా పొడిగా ఉంది.