గట్టు చెట్టు కల్లు

కురుచ తాడిచెట్టు నుంచి దించిన లొట్టిని వంచి, అంతయ్య నురగను చేత్తో పక్కకు నెడుతూ కల్లును డబ్బాలోకి వడగట్టాడు. కాసేపట్లో మెట్‌పల్లి నుంచి రోజూ కల్లు తాగే వాడిక మనుషులు వస్తారు. వాళ్ళకు దీన్నే గట్టు మీది పొడుగు చెట్టు కల్లని చెప్పి పోస్తాడు. నెలగా అదే చేస్తున్నాడు.

నెల కిందట ఒకరోజు పొడుగు చెట్టు సగం ఎక్కేసరికి ఎడమ చెయ్యి ఉన్నట్టుండి మొద్దుబారింది. మానును కరుచుకుని ఎంతసేపున్నాడో అతనికే తెలియదు. ఆ తర్వాత మళ్ళీ దాన్ని ఎక్కలేదు. ఇంట్లో భార్య ఐలవ్వకు కూడా చెప్పలేదు. పడిపోతానన్న భయం అరికాళ్ళలో ఉండేది. ఎక్కలేడని నలుగురికీ తెలిసిపోతుందన్న భయం మాత్రం గొంతులో, అన్నం ముద్దకు అడ్డంగా ఉండేది.

మోటారుసైకిళ్ళు ఆగాయి. మరమగ్గాల మీద పనిచేసే బాలమల్లు, అతని జతగాడు రామచంద్రం, వెనక ఒక కొత్త మనిషి.

“మా బావ గోపాల్. శ్రీరాంపూర్ల బొగ్గుబాయి పని,” అన్నాడు రామచంద్రం. “ఈత కల్లే రుచని నేనంట. గట్టు చెట్టుదే అసలు కల్లని గీ బాలమల్లు కొట్లాట. ఇయ్యాల బావ తేల్చాలె.”

“ఈత కల్లు పోరగాండ్లు తాగేది,” అన్నాడు బాలమల్లు. “గట్టు చెట్టుది నాలుక మీద పడంగనే నాకు తెలుస్తది. నిన్నటిదైతే అమృతమే అంతన్నా.”

అంతయ్య డబ్బా మూత తీయబోయాడు.

“దించింది వద్దన్నా. మా బావ ముందట ఎక్కి దించు. ఫోన్ల వీడియో తీసుకుంటడట,” అన్నాడు రామచంద్రం.

“గాలి లేసింది. రేపు చూద్దాం తియ్.”

“ఏం గాలే? ఆకు కదుల్తలేదు. ముసలోనివైతున్నవా ఏంది?” అన్నాడు బాలమల్లు.

“జర నన్ను ఎక్కుమనకుండ్రి,” అన్నాడు గోపాల్. “బాయిల ఎంత లోతుకన్న దిగుత గని, మీదికి చూస్తెనే కండ్లు తిరుగుతున్నయ్.”

అందరూ నవ్వారు. అంతయ్య కూడా నవ్వి, మోకును పొడుగు చెట్టు మాను చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకున్నాడు.

నాలుగు బారలు ఎక్కి ఆగాడు. రోజూ గీయకపోతే గెల ఎండిపోతుంది, చుక్క కారదు. తను గీసి నెలయింది. పడితే ప్రాణం పోతుంది. పడకుండా పైకి చేరితే ఖాళీ లొట్టి ఎదురుచూస్తూ ఉంటుంది. మోకు జరిపిన ప్రతిసారీ ఆ రెండూ దగ్గరవుతున్నాయి. చెయ్యి మొద్దుబారిన చోటును కళ్ళు మూసుకుని దాటాడు.

మట్టలు అందబోతుండగా మాట తట్టింది. కాకులు తాగిపోయినయని చెప్పొచ్చు. ఎవరూ కాదనరు.

అంతే, గొంతులోని భయం కరిగిపోయింది. దూరంగా ఇళ్ళ కప్పులు, కళ్ళాల్లో ఆరబోసిన పసుపు కొమ్ములు కనిపించాయి. వాటిని చూసి ఎన్నాళ్ళయిందో.

“కాకులు మీకేం మిగిల్చినట్టు లేవురా,” అని తేలిక మనసుతో కేకేసి, నడుముకున్న మోకు విడిచి, ఒక మట్టను పట్టుకున్నాడు. పట్టుకున్నది ఎడమ చేత్తోనని అప్పుడు గుర్తులేదు. నెల తర్వాత మొదటిసారి అతనికి భయం లేదు.

కింద బాలమల్లు కల్లు తాగడానికి పచ్చి తాటాకును రేకగా మడుస్తున్నాడు. అంతయ్య నేల మీద పడిన చప్పుడుకు తలెత్తాడు.

చాలాసేపటికి గోపాల్ తన కండువా తీసి అంతయ్య ముఖం మీద కప్పాడు. జనం వచ్చారు, ఏడ్చారు, మోసుకుపోయారు. బాలమల్లు చేతిలోంచి జారిన రేక చెట్టు మొదట్లోనే ఉండిపోయింది. ఎండ ఎక్కేకొద్దీ దాని మడత మెల్లగా, తనంతట తానే విచ్చుకుంటోంది.