ఒక డిగ్రీ తీసివేత

నాకు యాభై రెండేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు తొసా తీరంలోని మా రేవులో, చేపలవాళ్ల సంఘం రేడియో గదిలోనే గడిచిపోయాయి. అలసిపోయానంటే ఎవరూ నమ్మరు. కూర్చుని వినడమేగా అంటారు. పద్దెనిమిది పడవలు ఒక్కసారిగా టకటకమని మోర్స్ కొడుతుంటే, వాటిలోంచి ఒక్కదాన్ని ఏరి పట్టుకోవడం ఎంత బరువో ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది.

పైగా మా ట్యూనా కెప్టెన్లందరూ అబద్ధాలకోర్లు. చేపలు దొరికిన చోటు పక్క రేవువాళ్లకు తెలియకూడదని, ప్రతివాడూ తానున్న అక్షాంశానికి తనదైన ఒక అంకె కలిపి చెబుతాడు. ఎవరు ఎంత కలుపుతారో ఒడ్డున నాకొక్కదానికే తెలుసు. విన్నదాంట్లోంచి అది తీసేసి అసలు చోటు రాసుకోవడం నా పని. నా తమ్ముడు కట్సుజి తన పడవకు కెప్టెనూ తనే, మోర్స్ కొట్టేదీ తనే; వాడు ఒక డిగ్రీ కలిపేవాడు. ఒక డిగ్రీ అంటే నీళ్ల మీద అరవై మైళ్లు.

నా బల్ల మీద పద్నాలుగు వాల్వుల, అంటే గాజు గొట్టాల, రిసీవరు ఉండేది. ఇద్దరు మనుషులు పడితే గాని లేవదు. అందులో ఒక క్వార్ట్జ్ స్ఫటికం ఉంది. దాన్ని బిగిస్తే చుట్టుపక్కల గోలంతా తెగిపోయి, కావలసిన పడవ ఒక్కటే సన్నటి ఈలలా మిగులుతుంది. దాని చిక్కల్లా వేడితోనే. ఒకసారి చల్లారితే మళ్లీ లోపల కాయిళ్లు సమంగా వేడెక్కేదాకా ఏ స్టేషనూ డయల్ మీద నిలవదు, జారిపోతూనే ఉంటుంది. అందుకే పదహారేళ్లుగా నేను దాన్ని ఆర్పలేదు.

ఆ చలికాలం కొత్త చీఫ్ ఒకుమియా గారు ట్రాన్సిస్టర్ రిసీవరు తెప్పించారు. ముప్పై నాలుగేళ్ల మనిషి, చెడ్డవాడు కాదు.

"సుమియే గారూ, ఈ ముసలి పొయ్యిని ఇంకా ఎన్నాళ్లు రాజేస్తారండీ?"

"దీనికి చెవులున్నాయి చీఫ్ గారూ. మీ కొత్తదానికి బొత్తాలున్నాయి."

"సరే లెండి, మీరు రిటైరయ్యేటప్పుడు దీన్ని మీ ఇంటికే పంపిస్తాను. చలి కాచుకుందురుగాని."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఆదివారం సాయంత్రం నేను ఇంటికి వెళ్లాక, అనవసరంగా కాలుతోందని ఆయన దాన్ని ఆర్పేశారు.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి పడవలన్నీ లెక్కలు చెప్పే వేళ. నేను వచ్చేసరికి పాతది చల్లారి ఉంది, వేళ మించిపోతోందని కొత్త రిసీవరు పెట్టుకున్నాను. పక్క రేవు పెద్ద స్టేషను గట్టిగా మొదలుపెట్టగానే దాని చెవులు మూసుకుపోయాయి, అంతా గరగర. ఆ గరగర అడుగున ఎవరో ఆపద పిలుపు కొడుతున్నారు. రెండో అక్షరానికే చెయ్యి గుర్తుపట్టాను. కట్సుజి తొందరపడితే చివరి గీతను, అంటే మోర్స్‌లోని పొడుగు మోతను, ఎప్పుడూ పొట్టిగా కొడతాడు.

పాతదాన్ని వెలిగించాను. వాల్వులు ఎర్రబడేదాకా అర నిమిషం. ఆ అర నిమిషంలో నేను దేవుణ్ణి తలుచుకోలేదు, ఒకుమియాను తిట్టాను. ఈల దొరికింది, వెంటనే జారింది. డయల్ తిప్పుతూ దాని వెంటపడ్డాను. "ఇంజను గదిలో నీళ్లు. ఆరుగురం. చోటు..." మళ్లీ జారింది. రెండు మూడు మాటలు పోయాయి. దొరికేసరికి అంకెలు వస్తున్నాయి. రాసుకున్నాను. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

కాగితం ఒకుమియా చేతిలో పెట్టాను. ఆయన తీర రక్షణ దళానికి ఫోన్ చేశారు. వాళ్ల ఓడ ఒకటి ఐదు గంటల దూరంలో ఉందట, వెంటనే బయలుదేరింది.

ఒంటి గంటకు ఫోను మోగింది. ఒకుమియా ఎత్తి విని, నా వైపు తిరిగారు.

"అక్కడ ఏమీ లేదంటున్నారండీ. ఒక్క చెక్క ముక్క కూడా లేదట."

మా గడియారం మీద గంటకు రెండు చోట్ల ఎర్రరంగు ఉంటుంది. ఆ మూడేసి నిమిషాలు అందరూ మోర్స్ కొట్టే కీ వదిలేసి, ఆపదలో ఉన్నవాళ్ల కోసం వినాలి. ఒంటి గంటా పదిహేనుకు ముల్లు ఎరుపులోకి వచ్చింది. పాత రిసీవరు అప్పటికి బాగా వేడెక్కి, కదలకుండా నిలబడింది. స్ఫటికం బిగించి విన్నాను. బలహీనంగా, పొట్టి గీతలతో, వచ్చాడు.

"చోటు. ఏమీ కలపలేదు. ముప్పై డిగ్రీల పది..."

పొద్దుటి కాగితం వైపు చూశాను. ఇరవై తొమ్మిది డిగ్రీల పది అని ఉంది, నా చేతిరాతే. ఎప్పుడు తీసేశానో నాకే తెలియదు. చెవి విన్నది, చెయ్యి ఒకటి తగ్గించి రాసింది. అన్నేళ్లుగా రోజుకు రెండుసార్లు చేసిన పని అది.

"చీఫ్ గారూ," అన్నాను. "ఉత్తరంగా అరవై మైళ్లు వెళ్లమనండి. తప్పు నాది."

చీకటి పడేముందు ఓడ వాళ్లను చేరుకుంది. పడవ సగం మునిగి ఇంకా తేలుతోంది, ఆరుగురూ పైకప్పు మీద ఉన్నారు. అయిదుగురు బతికి ఉన్నారు. వంటవాడు జెన్‌పాచి తాత నాలుగింటికి చలికి పోయాడు. నేరుగా వెళ్లి ఉంటే ఒంటి గంటకే చేరేవారు.

మర్నాడు రేవులో కట్సుజి దుప్పటి కప్పుకుని దిగాడు.

"అక్కా, ఏమీ కలపలేదని చెప్పాను కదే."

"ఆ మాట వినపడలేదురా."

"మిగతాదంతా వినపడిందిగా."

అంతే అన్నాడు. కొట్టినా బాగుండేది.

ఒకుమియా నా ముందు తల వంచి, ఆర్పింది నేనండీ అన్నారు. ఆర్పింది ఆయనే. కానీ తీసివేసింది నేను. ఆయన ఆ స్విచ్చు మీద అడ్డంగా టేపు అంటించారు. కొత్త రిసీవరు మీద దుమ్ము పడుతోంది. నాకు అందులో సంతోషం లేదు.

వసంతంలో కట్సుజి వేరే పడవెక్కాడు. అప్పటినుంచీ ఏమీ కలపడం లేదు. ఉన్న చోటు ఉన్నట్టే చెబుతాడు. మిగతా పడవలు విని పరుగున వచ్చి అతని నీళ్లలోనే వలలు దింపుతాయి. చేపలు సగానికి పడిపోయాయి. పిచ్చివాడని రేవంతా నవ్వుతోంది. నాకు మాత్రం ఉత్తరం ముక్కయినా రాయడు.

రోజూ ఉదయం ఎనిమిదింటికి అతని అంకెలు వింటాను. నా చెయ్యి ఒకటి తగ్గించబోతుంది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, విన్నది విన్నట్టు రాస్తాను.